‘ఎరుక’ చిత్రం: గడి గడిగా చదివిన డైరీ

పని ఏమిటంటే

బొమ్మ ఒకటే. కాన్వాస్ మీద అక్రిలిక్, 48 అంగుళాల వెడల్పు, 36 అంగుళాల ఎత్తు. గీసినావిడ హైదరాబాదులోనే ఉంటారు. ఎక్కడా చిత్రకళ చదువుకోలేదు. కాన్వాస్ వెనక పెన్సిలుతో ఒకే మాట రాసుంది: ‘ఎరుక’. చిన్న ప్రదర్శనలో పెట్టే ముందు, పక్కన గోడకు అతికించే చీటీలో అరవై మాటలకు మించకుండా బొమ్మలోని గుర్తుల సంగతి చెప్పాలి. ఆ అరవై మాటల కోసమే ఇదంతా.

ముందే రెండు నియమాలు పెట్టుకున్నాం. మా పఠనం కాగితం మీద పెట్టి కవరు అంటించేదాకా చిత్రకారిణిని ఏమీ అడగకూడదు. మొదటి మూడు రోజుల నోట్సులో ‘అంటే’ అనే మాట రాకూడదు. ‘రాయి’ అని రాయాలి, ‘రాయి అంటే స్థిరత్వం’ అని రాయకూడదు. 1939లో కళా చరిత్రకారుడు పనోఫ్‌స్కీ చెప్పిన మూడు మెట్లలో మొదటిది ఇదే: కంటికి కనిపించింది చెప్పడం. తర్వాతి మెట్టు ఆ ఆకారానికి సంప్రదాయంలో ఉన్న అర్థం, ఆ తర్వాతది దాని వెనకున్న ఆలోచన. ఔత్సాహికుల బొమ్మలు చదివేటప్పుడు అందరూ నేరుగా మూడో మెట్టు మీదికి గెంతుతారు, తప్పులన్నీ అక్కడే పుడతాయి.

1వ రోజు: దారాలు, వెలుతురు

కాన్వాస్‌కు దారం తగలకూడదు. అందుకని ముప్పావు అంగుళం మందం చెక్కపట్టీలతో విడిగా ఒక చట్రం చేసి, దానికి 4 అంగుళాలకొక చిన్న మేకు కొట్టి, తెల్ల కుట్టుదారం నిలువుగా, అడ్డంగా లాగాం. నిలువు వరుసలకు 1 నుంచి 12 అంకెలు, అడ్డ వరుసలకు అ, ఆ, ఇ, ఈ, ఉ, ఊ, ఎ, ఏ, ఐ. ఇక ‘ఊ-8’ అంటే అందరం ఒకే చోట చూస్తాం.

పన్నెండును తొమ్మిదితో హెచ్చిస్తే గడులు 108. ఈ అంకె చూసి గదిలో ఒకరిద్దరి ముఖాలు వెలిగాయి. ఇది మన దారం లెక్క, బొమ్మ లెక్క కాదు. గడి 3 అంగుళాలు పెట్టుంటే 192 వచ్చేవి. అంకెలు ఎంత తేలిగ్గా మాయ చేస్తాయో మొదటిరోజే తెలియడం మంచిదైంది.

ఫొటోల్లో మొదటి విడత పాడైంది. కిటికీ వెలుతురూ ట్యూబులైటూ రెండూ పడితే ఎడమ సగం పసుపు, కుడి సగం నీలం తిరుగుతుంది. ఫోను రెంటికీ మధ్యన ఏదో ఒకటి ఎంచుకుంటుంది. ట్యూబు ఆర్పి, కిటికీకి తెల్ల పంచె కట్టి, బొమ్మ పక్కన బూడిదరంగు కార్డు పెట్టి మళ్లీ తీశాం. వేసవి కాబట్టి పని ఉదయం పదిలోపే ముగించాలి. మిద్దె కింది గదిలో మధ్యాహ్నం వేడికి అక్రిలిక్ పొర మెత్తబడుతుంది, దుమ్ము పడితే అందులోకి దిగిపోతుంది. బుడగల ప్లాస్టిక్ అయితే అసలే చుట్టకూడదు. ఆ గుండ్రటి అచ్చులు రంగు మీద పడి పోవు. బటర్ పేపరు చాలు.

2, 3 రోజులు: కనిపించింది రాయడం

బొమ్మ మూడు నిలువు భాగాలు, ఒక్కొక్కటి 16 అంగుళాలు.

ఎడమ భాగం (1–4): పొద్దుటి ఎండ రంగులో నాలుగంతస్తుల ఇల్లు. కప్పు మీద నల్లటి నీళ్ల ట్యాంకు. కింది మూడు అంతస్తుల్లో ఐదేసి కిటికీలు, పై అంతస్తులో నాలుగు, మొత్తం 19. పై అంతస్తు ఎడమ చివరి కిటికీకి (ఆ-1) ఎర్ర కర్టెను. వాకిట్లో ముగ్గు, గీతలు లేకుండా చుక్కలు మాత్రమే, 25. ఇ-2 దగ్గర కొమ్మ మీద నీలం రెక్కల పిట్ట.

నడిమి భాగం (5–8): నీలం. నీటి అలలు, అందులో అదే ఇల్లు. కిటికీలు 18.

కుడి భాగం (9–12): దాదాపు నల్లటి నేపథ్యం మీద ఒకదాని మీద ఒకటి నిలిచిన రెండు బండరాళ్లు. కిటికీలు లేవు. ఏ-10లో బొటనవేలంత ద్వారం ఒక్కటే.

మూడు భాగాల్లోనూ ఉ వరుసలో ఒక్కో తెల్ల ముక్క, అర అంగుళం ఎత్తు, రెండు అంగుళాల పొడవు. ఉ-3లో గోడ మీద పేరు రాయని నేమ్‌ప్లేటులా, ఉ-6లో నీటి మీద మెరుపులా, ఉ-11లో రెండు బండల మధ్య సందులా ఉన్నాయి.

5వ రోజు: చూసేవాళ్ల కళ్లు

పన్నెండు మందిని ఒక్కొక్కరినే లోపలికి పిలిచాం. అరవై సెకన్లు బొమ్మ ముందు నిలబెట్టి, తర్వాత నలుపు-తెలుపు జిరాక్సు మీద చూపు మొదట ఎక్కడ పడిందో 1, 2, 3 అని వేయమన్నాం. ఇద్దరు కలిసి వస్తే రెండోవాళ్లు మొదటివాళ్ల అంకెలే వేస్తారు. పేరు ముందే చెబితే కళ్లు బొమ్మను వదిలి అర్థం వెతుకుతాయి. కాబట్టి ఒంటరిగా, పేరు చెప్పకుండా.

చూపు ఎక్కువగా ఎర్ర కర్టెను నుంచి మొదలై నీటికి, అక్కణ్నుంచి బండలకు వెళ్లింది. తెల్ల ముక్కల గురించి వచ్చిన మాట దాదాపు ఒకటే: ‘అక్కడ రంగు వేయడం మిగిలిపోయింది’. నీటిలో ఇంటి గురించి మరోటి: ‘ప్రతిబింబం తప్పు గీశారు’. ఈ రెండు ఫిర్యాదులే తర్వాత బొమ్మకు తాళంచెవులయ్యాయి.

పేరు చెప్పాక మాటలు మారాయి. ‘చైతన్యం’ అని ఉంటే ఏం జరిగేదో తెలీదు గానీ, ఆ మాటను మనం ఓటరు చైతన్యం దాకా సాగదీశాం. ‘స్పృహ’ అంటే ఆసుపత్రి గుర్తొస్తుంది, పోవడమో రావడమో. ‘ఎరుక’ వేరు. ఇక్కడి మాటలో ‘నాకెరుకలేదు’ అంటే తెలియదనే. ఎరుక చెప్పడమంటే సోదె. చూసినవాళ్లలో కొందరు సోదె చెప్పేవాళ్ల బుట్ట కోసం వెతికారు కూడా. తెలిసిన విషయం, తెలుసుకునేవాడు, తెలియడం: మూడింటికీ ఒకే మాట సరిపోయేది ఈ మూడు మాటల్లో ఇదొక్కటే. అందుకే ఆవిడ ఈ మాట పట్టుకున్నారని అనిపించింది, కానీ ఇది అనిపించడం మాత్రమే, ఆధారాల పట్టికలోకి ఎక్కలేదు.

6వ రోజు: తొందరపడ్డ అర్థాలు, వాటి తీసివేత

ఇప్పుడు ‘అంటే’ రావచ్చు. వచ్చిన ప్రతి అర్థానికీ ఒకే ప్రశ్న: బొమ్మలో ఇది కాక ఇంకేం గీసుంటే ఈ అర్థం తప్పయ్యేది? జవాబు దొరక్కపోతే ఆ అర్థం దేనికైనా అతుకుతుంది, అంటే దేనికీ అతకదు.

25 చుక్కలు. వెంటనే సాంఖ్య దర్శనం గుర్తొచ్చింది: 24 తత్త్వాలు, పురుషుడితో 25. చుక్కలు ఎలా పేర్చి ఉన్నాయో గీసి చూశాం: 1, 3, 5, 7, 5, 3, 1. ఇది 7 చుక్కలు, ఎదురు చుక్క, 1 వచ్చే వరకు. ప్రతి ముగ్గుల పుస్తకంలో ఉండేదే. అలా పెడితే 25 రాక తప్పదు. సందు చుక్క 4 వరకు పెట్టుంటే 37 వచ్చేవి, అప్పుడు ఇంకో దర్శనం వెతికేవాళ్లం. మొత్తం చూడకూడదు, పేర్పు చూడాలి. సాంఖ్యం కొట్టేశాం. అలాగే చుక్క కనబడగానే చిత్రకారుడు రజా (1922–2016) బిందువు గుర్తురావడం, హైదరాబాదు కాబట్టి తాంత్రిక రూపాలతో పని చేసిన పి.టి. రెడ్డి (1915–1996) గుర్తురావడం సహజమే. వాళ్ల బొమ్మల్లో ఆకారం కాన్వాసు నడుమ నిలిచి మిగతావాటిని తన చుట్టూ తిప్పుకుంటుంది. ఇక్కడ చుక్కలు వాకిట్లో ఉన్నాయి, వాకిట్లో ఉండాల్సిన చోటే.

ఎరుపు, నీలం, నలుపు వరుస చూసి యోగంలో చెప్పే చక్రాలన్నారు. చక్రాలైతే ముందు ఒక్కో చక్రపు పద్మానికి ఉన్న దళాలు లెక్కపెట్టాలి: 4, 6, 10, 12, 16, 2. ఆరింటికీ కలిపి 50, సంస్కృత అక్షరాల లెక్క. ఇక్కడ పద్మమే లేదు. ఇక రంగుల విషయానికొస్తే, పోస్టర్లలో కనిపించే ఇంద్రధనుస్సు వరుస 20వ శతాబ్దంలో పడమట స్థిరపడ్డది. 1577 నాటి పూర్ణానందుడి షట్చక్ర నిరూపణంలో మణిపూర చక్రం దళాలు నీళ్లు నిండిన మబ్బు రంగు, పోస్టరులో పసుపు. రంగును పట్టుకుని చక్రం పేరు పెట్టడం ఏ బొమ్మకైనా ప్రమాదమే.

పిట్ట. ముండక ఉపనిషత్తులోని రెండు పక్షులు, ఒకటి పండు తింటుంది, ఒకటి ఊరికే చూస్తుంది. దీని మీద అందరికీ ఆశ ఉంది. రెండో పిట్ట కోసం ఇ-3లోని గోధుమరంగు మరకను భూతద్దంతో చూశాం. 10 రెట్ల భూతద్దంలో అది కిందికి జారిన రంగు చుక్క, తోక కాదు. కొమ్మ ఆకులు సన్నగా, ఈకలా చీలి ఉన్నాయి. ముండకంలోని పండు పిప్పలం, అంటే రావి; రావి ఆకు అయితే కొన తోకలా సాగుతుంది. ఇది జమ్మి, పిట్ట పాలపిట్ట. జమ్మి చెట్టు తెలంగాణ రాష్ట్రవృక్షం, పాలపిట్ట రాష్ట్రపక్షి, దసరానాడు రెండూ చూడాలంటారు. ఒకే పిట్ట ఉంటే ఒకే పిట్ట అని రాయాలి. ముండకం కూడా కొట్టేశాం, బాధగానే.

8వ రోజు: పక్కవాటు వెలుతురు

గది చీకటి చేసి, టార్చిని కాన్వాస్ అంచు దగ్గర దాదాపు 15 డిగ్రీల వాలులో పట్టాలి. ఎదురుగా పడితే ఎత్తుపల్లాలు కనబడవు. వాలుగా పడితే ప్రతి కుంచె గీతకూ నీడ పుడుతుంది. నాలుగు వైపుల నుంచీ నాలుగు ఫొటోలు తీయాలి. ఒక వైపు నుంచి తీస్తే ఆ దిశలో ఉన్న గీతలు దాక్కుంటాయి.

ఊ-8 దగ్గర టార్చి ఎడమ నుంచి పట్టినప్పుడు నీలం కింద నిటారుగా ఒక గట్టు, దానికి సమాంతరంగా ఇంకోటి. పైనా కిందా కలిపితే దీర్ఘచతురస్రం, పక్క కిటికీ కొలతే. కిటికీ గీశాక నీటి పూత పైన పడి మునిగిపోయింది. అంటే నడిమి భాగంలోనూ 19.

ఇక్కడ పట్టు దొరికింది. మెలకువ, కల, గాఢనిద్రల గురించి చెప్పే మాండూక్య ఉపనిషత్తు పన్నెండు మంత్రాలే. మూడో మంత్రం మెలకువను చెబుతూ ‘సప్తాంగ ఏకోనవింశతిముఖః’ అంటుంది: ఏడు అంగాలు, పంతొమ్మిది ముఖాలు. నాలుగో మంత్రం కలను చెబుతూ మళ్లీ అదే అంకె చెబుతుంది. ఐదోదైన గాఢనిద్రలో ముఖాల లెక్క పోయి ‘చేతోముఖః’, చైతన్యమే ముఖం, ఒక్కటే మిగులుతుంది. బొమ్మలో 19, 19, ఆపైన ఒక్క ద్వారం. పంతొమ్మిదిని విడదీస్తే జ్ఞానేంద్రియాలు ఐదు, కర్మేంద్రియాలు ఐదు, ప్రాణాలు ఐదు, అంతఃకరణం నాలుగు (మనసు, బుద్ధి, చిత్తం, అహంకారం). అంతస్తులు 5, 5, 5, 4. చుక్కల 25 లాగా ఇది పేర్పు నుంచి తప్పనిసరిగా రాలేదు. పై అంతస్తులో ఐదో కిటికీకి చోటుంది, ట్యాంకు దానికి అడ్డం లేదు. ఉండగలిగిన కిటికీ లేకపోవడమే ఆధారం.

బండలను చూడగానే అందరూ ‘మన హైదరాబాదు గుట్టలు’ అన్నారు. నిజమే, దుర్గం చెరువు పక్కన నిలబడితే కనబడే 250 కోట్ల ఏళ్ల గ్రానైటు ఇదే. ఐదో మంత్రంలో గాఢనిద్రకు ఉన్న మాట ‘ప్రజ్ఞానఘన’, విడివిడిగా ఏదీ లేని ముద్ద. రెండు అర్థాల్లో ఒకటి ఎంచుకోవాల్సిన పని లేదు.

ఎర్ర కర్టెను పై అంతస్తులో ఉంది కాబట్టి అహంకారమేనని ఒక వాదన వచ్చింది. నాలుగింటిలో ఏది ఏదో చెప్పే గుర్తు ఇంకేదీ లేదు. ‘తేలలేదు’ అని రాశాం.

9వ రోజు: వెనక వెలుతురు

ప్రతిబింబం తప్పు అన్న ఫిర్యాదు తీసుకున్నాం. నీటిలో ఇల్లు తలకిందులుగా ఉండాలి, కుడి ఎడమలు మారకూడదు. ఇక్కడ ఇల్లు నిటారుగా ఉంది, కుడి ఎడమలు మారాయి. ఎర్ర కర్టెను ఎడమ చివర నుంచి కుడి చివరకు, ఆ-8కి, వచ్చింది. చేతకాక వచ్చిందా, కావాలని పెట్టిందా? ఔత్సాహికుల బొమ్మతో ఉన్న కష్టమంతా ఈ ప్రశ్నలోనే ఉంది.

కోఠీ గుజరాతీ గల్లీలో దొరికే చదరపు ఎల్‌ఈడీ ప్యానెల్ ఒకటి తెచ్చి, కాన్వాస్ వెనక అడుగు దూరంలో పెట్టి, గదిలో మిగతా వెలుతురంతా ఆర్పాం. హాలోజన్ బల్బు వాడకూడదు, వేడికి పొర సాగుతుంది. చెక్క ఫ్రేము అడ్డపట్టీ ఉన్నచోట నీడ పడుతుంది, అక్కడ ఏమీ తెలియదు. నీలం పూత పలచన కాబట్టి నడిమి భాగం బాగా వెలిగింది. యూవీ టార్చి మాత్రం ఏమీ చెప్పలేదు. బజార్లో దొరికే 395 నానోమీటర్లవి ఊదారంగు వెలుతురే ఎక్కువ చల్లుతాయి, బొమ్మంతా ఊదాగా కనబడుతుంది. కావాలంటే ఫిల్టరున్న 365 తీసుకోవాలి.

వెలుతురులో పెన్సిలు గీతలు తేలాయి. నాలుగు కిటికీల వరుస అట్టడుగున, దాని కింద ట్యాంకు కిందికి వేలాడుతూ. అంటే ఆవిడ మొదట ప్రతిబింబాన్ని సరిగ్గానే, తలకిందులుగానే గీశారు. తర్వాత దాన్ని వదిలి, నిటారుగా, కుడి ఎడమ మార్చి రంగు వేశారు. గీత తప్పు నుంచి ఒప్పుకు మారితే అది దిద్దుబాటు. ఒప్పు నుంచి ‘తప్పు’కు మారితే అది ఉద్దేశం. చేతకానివాళ్లు రెండోది చేయరు.

ఇంటిని ఏ చోటు నుంచి చూస్తే నిటారుగా ఉండి కుడి ఎడమలు మాత్రమే మారతాయి? లోపలి నుంచి. వీధిలోంచి ఎడమ చివర కనబడే కిటికీ, గదిలో నిలబడి చూస్తే కుడి చివర ఉంటుంది. మూడో మంత్రం మాట ‘బహిష్ప్రజ్ఞః’, బయటికి తిరిగిన ఎరుక; నాలుగోది ‘అంతఃప్రజ్ఞః’, లోపలికి తిరిగిన ఎరుక. అవే పంతొమ్మిది కిటికీలు, చూపు మాత్రం లోపలి నుంచి.

11వ రోజు: తెల్ల ముక్కలు

భూతద్దంలో మూడుచోట్లా కాన్వాస్ నేత స్పష్టంగా ఉంది, తెల్లరంగు కుంచె గీత ఒక్కటీ లేదు. అది తెలుపు వేయడం కాదు, జెస్సో (రంగు వేసే ముందు కాన్వాస్‌కు పూసే తెల్ల పూత) మీద ఏమీ వేయకపోవడం. అంచులు కత్తితో కోసినట్టున్నాయి, రంగు అంచున గట్టుకట్టి ఆగింది. మాస్కింగ్ టేపు పని. మిగిలిపోయిన చోటుకు ఇంత తిన్నని అంచు రాదు.

మెలకువ, కల, గాఢనిద్రల తర్వాత మాండూక్యం ‘చతుర్థం’ (నాలుగోది) అన్నదాన్ని నాలుగో భాగంగా గీస్తే దాన్ని ఇంకో స్థితి చేసినట్టు. ఏడో మంత్రం ఆ పని చేయనివ్వదు, ‘నాంతఃప్రజ్ఞం న బహిష్ప్రజ్ఞం’ అని మొదలుపెట్టి వరుసగా కాదు కాదంటూ వెళుతుంది. అందులో ఒక మాట ‘అలక్షణం’, గుర్తు లేనిది. గుర్తు లేనిదానికి గుర్తు గీయడం ఎలా? మూడు భాగాల కిందా ముందునుంచీ ఉన్న బట్టనే కనబడనిచ్చారు.

పఠనంలో రాసింది: ‘మూడు చోట్లనూ మొదటినుంచే టేపు వేసి కాపాడారు.’ కవరు అంటించాం.

13వ రోజు: చిత్రకారిణితో

‘పై అంతస్తు నాలుగు కిటికీలూ అంతఃకరణమేనా అండీ?’ అని అడగకూడదు. పెద్దమనిషి తరహాలో ‘అవునండి’ అనేస్తారు, దానికి విలువ లేదు. ‘పై అంతస్తు గురించి చెప్పండి’ అని అడగాలి, ఆపైన మాట్లాడకుండా ఉండాలి.

పై అంతస్తు గురించి ఆవిడే పంతొమ్మిది ఎత్తారు, మనసు, బుద్ధి, చిత్తం, అహంకారం అని వేళ్లు మడిచారు. నీటి గురించి: ‘కలల నేను ఇంట్లనే ఉంట గద, బయట ఉండి ఎట్ల చూస్త?’ చుక్కలు: ‘ముగ్గు ముగ్గే.’ ఎర్ర కర్టెను వాళ్లింట్లో ఉన్నదే, దానికి వేరే ఆలోచన లేదన్నారు. మునిగిన కిటికీ ఆవిడకే తెలియదు, నీలంలో నీళ్లు ఎక్కువై పూత పరుచుకుపోయింది.

తెల్ల ముక్కల దగ్గర మా వాక్యం తప్పింది. టేపు మూడుచోట్ల వేయలేదు. నీటిగీత తిన్నగా రావాలని 48 అంగుళాల పొడవునా ఒకే టేపు అతికించారు. రంగంతా అయ్యాక పీకితే బొమ్మ మధ్యన తెల్ల పట్టీ మిగిలింది. దాన్ని పూడుస్తూ వచ్చి, మూడుచోట్ల ఆపేశారు. ఎందుకు ఆపారంటే: ‘అది అంతటా ఉన్నదే గద, కొంచెం కనబడనీ అనిపించింది.’

చిత్రకారిణి మాట కూడా ఒక ఆధారమే, పరీక్షించాల్సిందే. ఆ సాయంత్రమే ఉ వరుస మొత్తం పక్కవాటు వెలుతురులో మళ్లీ చూశాం. ఉ-1 నుంచి ఉ-12 దాకా, పూడ్చిన చోట కూడా, అర అంగుళం ఎడంతో రెండు సన్నగట్లు సాగుతూనే ఉన్నాయి. పూడ్చిన రంగు ఆ గట్ల మీదికెక్కింది. మూడు ముక్కలూ ఒకే తిన్నని గీత మీద ఉండటమే ఈ సంగతి చెప్పాల్సింది. మొదటిసారి ఆ మూడు గడులే చూసి, మిగతా తొమ్మిదింటిని వదిలేయడం మా లోపం. ఇక నుంచి ఏదైనా ఒకచోట టేపు అంచు కనబడితే, ఆ అంచును బొమ్మ చివరిదాకా పట్టుకుపోవాలి.

14వ రోజు: చీటీ, మేకు

చీటీలో ‘కాపాడారు’ తీసి ‘పూడ్చకుండా ఆపారు’ పెట్టాం. మాండూక్యం పేరు ఉంచాం, అంకెలు చెప్పలేదు, కిటికీలు లెక్కపెట్టుకునే ఆనందం చూసేవాళ్లకే. పాలపిట్ట, కర్టెనుల ప్రస్తావన లేదు. మాటలు 57 వచ్చాయి.

కాన్వాస్ నడిమి గీత నేల నుంచి 58 అంగుళాల ఎత్తులో ఉండేలా మేకు కొట్టాం. ఉ వరుస కంటికి ఎదురుగా వస్తుంది. పైనుంచి లైటు మొదట నేరుగా పడి నీలం మీద మెరుపు కొట్టింది, తెల్ల ముక్కలు ఆ మెరుపులో కలిసిపోయాయి. గోడతో 30 డిగ్రీలకు తిప్పాక మెరుపు నేల మీదికి జారింది. రెండడుగుల దూరం నుంచి మూడుచోట్లా బట్ట నేత కనబడుతోంది.